పట్టాలా, పెట్టాలా

మా బావని మా వీధిలో అందరూ అద్దం అనే పిలుస్తారు. "అద్దం ఉన్నాడా?" అని అడుగుతూ వస్తారు జనం. కొత్తవాళ్లయితే కారు అద్దాలు బిగించే మనిషి అనుకుంటారు. కాదు. ఆయన కారు రంగుకి పాలిష్ పడతాడు, మైనం పెడతాడు. పని అయ్యాక బండి తలుపు ముందు వంగి, జేబులోంచి దువ్వెన తీసి, ఆ రంగులో చూసుకుంటూ తల దువ్వుకుంటాడు. పాపిడి సరిగ్గా కనిపిస్తే పని అయినట్టు. ఇప్పుడు దువ్వడానికి తల మీద పెద్దగా ఏమీ మిగల్లేదు గానీ, దువ్వెన మాత్రం జేబులోనే ఉంది.

షెడ్డులో వెనక సగం ఆయనది, ముందు సగం నాది. నేను సీటు కవర్లు కుడతాను. అక్క మొగుడి నీడలో బతుకుతోందని ఎవరైనా అంటే నేను ఊరుకునే రకం కాదు. షెడ్డు తాళాలు ఉండేది నా కొంగుకే. ఫోను ఎత్తేదీ నేనే, ఎందుకంటే బావ చేతులకి ఎప్పుడూ మైనమే. ఈ ఫోను సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. కొంప ముంచబోయింది అదే.

"మంచి పాలిష్ ఏదుంటే అది కొట్టెయ్యండి" అంటూ వచ్చినవాడికి బావ దగ్గర పని వెంటనే మొదలవదు. ముందు విచారణ. బండి ఎండలో ఉంటుందా, నీడలోనా? ఎవరు కడుగుతారు? మెత్తటి గుడ్డతోనా, చీపురుతోనా? నవ్వకండి, చీపురుతో కడిగేవాళ్లున్నారు. రంగు మొదటిదేనా, మధ్యలో మళ్లీ వేయించారా? డాక్టరు కూడా అన్ని ప్రశ్నలు వెయ్యడు. తర్వాత చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, కళ్లు మూసుకుని, కడిగిన బానెట్ మీద నెమ్మదిగా నిమురుతాడు. ఉత్త చేతికి తెలియని గరుకు కవరులోంచి తెలుస్తుందట. నేనూ ఓసారి చేసి చూశాను, నిజమే. నున్నగా ఉందనుకున్న బండి చెయ్యంతా గీరుకుపోయినట్టు తగిలింది.

ఆ తర్వాతే డబ్బాలు బయటికి వస్తాయి. ఎండలో నిలబడే బండికి సీసాలో వచ్చే మైనం, నాలుగు నెలలు ఓర్చుకుంటుంది. నీడపట్టున ఉండే ముదురు రంగు బండికి డబ్బాలో వచ్చే గట్టి మైనం, నెలా రెండు నెలల్లో పోతుంది గానీ రంగుకి లోతు తెస్తుంది. తెల్లబండి ఆసామి ఎవరైనా ఆ గట్టిదే కావాలని పట్టుబడితే, "తెలుపుకి లోతెందుకండీ, శుభ్రం ఉంటే చాలు" అని పంపించేస్తాడు. బేరం పోయిందని నేను గొణిగితే వినిపించుకోడు.

జనానికి అన్నీ పాలిషే. బావకి మాత్రం పట్టడం వేరు, పెట్టడం వేరు. పాలిష్ పడితే రంగు పైపొర వెంట్రుకవాసి అరిగి, దానితోపాటే గీతలూ పోతాయి. మైనం పెడితే ఏదీ పోదు, అది పైన కూర్చుని కాపలా కాస్తుంది. పట్టే గుడ్డ మూలకి ఎర్రదారం కుడతాడు, పెట్టే గుడ్డకి తెల్లదారం. పొరపాటున కూడా రెండూ ఒక చోట పెట్టనివ్వడు. "ఈ తేడా నేర్చుకోడానికి నా కొలువు పోయింది మరదలా" అని ఏడాదికోసారి అంటాడు. అంతకుమించి చెప్పడు.

మిగతాది అక్క చెప్పింది. ముప్పై ఏళ్ల కిందట బావ ఓ పెద్ద మేస్త్రి దగ్గర పని చేసేవాడు. నాలుగేళ్లు ఆయన చెప్పిందల్లా చేశాడు. ఓ రోజు ఎర్రబండి ఒకటి వచ్చింది. బావ మెషీన్ పట్టుకుని బానెట్ అంచు దగ్గరికి వచ్చేసరికి ఎరుపు మధ్యలో తెల్లగా ఏదో తేలింది. అడుగు పూత. రంగు అక్కడికి అయిపోయింది. బండి ఆసామి పక్కనే నిలబడి ఉన్నాడు. అందరి ముందూ మేస్త్రి ఒక్కటే మాట అన్నాడట: "రంగు తినేశావు. రేపట్నుంచి రాకు."

అప్పటికి అక్కకి పెళ్లయి మూడు నెలలు. బావ రెండు రోజులు అన్నం ముట్టలేదట. "అంత రంగు తిన్నాక ఆకలెక్కడ వేస్తుంది" అని అక్క ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. ఆయన నవ్వడు.

ఆ రోజునుంచీ బావ మెషీన్ ముట్టుకోలేదు. అంతా చేతిపనే. పైన గాజులాంటి పూత ఉండే కొత్త బండ్లకయితే పాలిష్ పడతాడు. పాత బండ్లకి ఆ పూత ఉండదు, గుడ్డ నేరుగా రంగుకే తగులుతుంది. అవి వస్తే మైనం పెట్టి పంపిస్తాడు, పట్టడు. కొత్త బండ్ల దగ్గర కూడా ఒక చుట్టు ముందే ఆపేస్తాడు. ఇంకొక్క చుట్టు తిప్పితే అద్దమయ్యే తలుపుని ముప్పావు అద్దం దగ్గర వదిలేస్తాడు. ఆసాములకి ఆ తేడా తెలియదు, సంతోషంగా పోతారు. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఇన్నేళ్లుగా అద్దం అని పిలిపించుకుంటూ పూర్తి అద్దం ఒక్కటీ చెయ్యని మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండేది, జాలీ వేసేది.

ఇక ఫోను సంగతి. ఓ రోజు పగలు నేను మందపాటి రెగ్జిన్ కుడుతున్నాను. మిషను మోత చెవులు పగలగొడుతోంది. ఎవరో ఆవిడ ఫోన్ చేసింది. వాళ్ల నాన్నగారికి రెండో కంటికి కూడా శుక్లం ఆపరేషన్ అయిందట. ఎల్లుండి కట్టు విప్పుతారట. ఆయన నీలం బండి, పాతది, ఆయన కళ్లతో చూసుకునేసరికి మెరవాలట. కాలు మిషను మీంచి తియ్యకుండానే అన్నీ విన్నాను. "పెద్దగా ఏం వద్దండీ, పెట్టాలంతే" అందావిడ. నేను చీటీ మీద రాసుకున్నాను: "నీలం బండి. పట్టాలి. ఎల్లుండికి."

మర్నాడు పొద్దున్నే ఆవిడ బండి వదిలి, తాళాలు నా చేతిలో పెట్టి ఆసుపత్రికి పరుగెత్తింది. బావ మైనం డబ్బాలు తేవడానికి వెళ్లి ఉన్నాడు. వచ్చి చీటీ చూశాడు, బండి చూశాడు, మళ్లీ చీటీ చూశాడు.

"పాత బండికి పట్టడమేంటి? సరిగ్గానే విన్నావా?"

"నా చెవులకేం వచ్చింది బావా, బంగారంలా ఉన్నాయి. పాపం, పెద్దాయన కట్టు విప్పుకుని మొదట చూసేది ఈ బండినే. నీ భయాలు పక్కనపెట్టి ఓ చెయ్యి వెయ్యి."

ఎందుకన్నానో అంత ధీమాగా. అబద్ధం చెప్పే మనిషిని కాదు గానీ, తప్పయి ఉండొచ్చని ఒప్పుకునే మనిషిని కూడా కాదు. అది నాకున్న రోగం.

బావ బండి కడిగాడు. నిమిరి చూశాడు. రంగు పల్చగా ఉండే అంచులన్నిటికీ టేపు అంటించాడు. ఉన్న పాలిష్‌లలో అన్నిటికన్నా మెత్తనిది తీశాడు. ఎర్రదారం గుడ్డని ఎనిమిది మడతలు పెట్టి, బానెట్ నడిమధ్య రెండు అరచేతుల మేర మొదలుపెట్టాడు. నేను మళ్లీ కుట్టులో పడ్డాను.

"మరదలా!"

బావ అరవడు. ఆ కేకకి సూది విరగ్గొట్టుకుని పరుగెత్తాను. ఆయన చేతిలో గుడ్డ నీలంగా ఉంది. మడత తర్వాత మడత, అన్నీ నీలమే.

"పాత రంగు గుడ్డకి కాస్త అంటుతుందని తెలుసు" అన్నాడు. "ఎంతవరకు అంటాలి, ఎక్కడ ఆపాలి, అది తెలియదు. సరిగ్గా ఆ పాఠం దగ్గరే కదా నన్ను పంపేసింది."

అడుగు పూత ఎక్కడా తేలలేదు. ఆ మాటే చెప్పాను. "ఎంత మిగిలిందో పైకి కనిపించదు" అన్నాడు. మధ్యలో రంగు మళ్లీ వేయించిన గుర్తు ఏమైనా దొరుకుతుందేమోనని వెనక డిక్కీ తెరిచాడు. లోపల ఓ రేకు పెట్టె ఉంది. మూత తీసి, అలాగే నేల మీద కూలబడ్డాడు. పెట్టెలో ఎనిమిది మడతలు పెట్టిన గుడ్డలు రెండు కట్టలు. ఒక కట్టకి మూల ఎర్రదారం, ఇంకో కట్టకి తెల్లదారం.

"ఇది మేస్త్రిగారి బండి" అన్నాడు.

నేనింకా నోరు తెరవకముందే ఫోను మోగింది. ఆవిడే. "ఒక్క మాట చెప్పడం మర్చిపోయానండీ. మైనం పెట్టడమే, పొరపాటున కూడా పట్టకండి. నాన్నగారే నాలుగేళ్లుగా దానికి పట్టడం మానేశారు. ఇంక పట్టకూడదు అంటుంటారు."

పెట్టాలి, పట్టాలి. ఒక్క ఎత్వం తేడా. ఫోను పెట్టేసి, ఉన్నదున్నట్టు బావకి చెప్పాను. తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అని తేలికపడేదాన్ని. ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"చీటీ రాసింది నువ్వే. గుడ్డ పట్టింది నేను."

అంతే. ఆ మధ్యాహ్నం డబ్బా విప్పలేదు. తెచ్చిన అన్నం తెచ్చినట్టే ఇంటికి పోయింది. అక్క నన్ను అడిగింది, నేను చెప్పాను, అక్క మొహం పాలిపోయింది. ఈసారి ఎగతాళి చెయ్యలేదు.

మర్నాడు తెల్లవారుతూనే బావ మిగతా బండికి మైనం పెట్టాడు. పల్చగా, ఉందా లేదా అన్నట్టు రాసి, అది మసకబారేదాకా ఆగి, వేలితో ఒక గీత గీసి చూసి, వేలు శుభ్రంగా వస్తే అప్పుడు తుడిచాడు. ఆ రెండు అరచేతుల చోటు మాత్రం ముట్టుకోలేదు. అది చుట్టూ ఉన్న నీలం కంటే ముదురుగా, కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

"దాని మీద కూడా మైనం రాసేస్తే పోదా? ఆయనకి చూపు అంతంతమాత్రమేగా" అన్నాను.

"ఆయన వేళ్లకి ఆపరేషన్ ఏమీ కాలేదు" అన్నాడు. "దాచను. ఈసారి ఆయన చెప్పేలోపు నేనే చెబుతాను."

ఆ రాబోయే పెద్దాయన ఒక్క మాట కోసం బావ ప్రాణం ఎలా ఉగ్గబట్టుకుని ఉందో నాకు కనిపిస్తోంది. ఇంకోసారి ఆ మాటే పడితే ఈ మనిషి మళ్లీ గుడ్డ పట్టడు. అది మాత్రం నాకు ఖాయంగా తెలుసు. దానికి కారణం నా చెవులు.

ఆ రోజే, చెప్పిన వేళకే తండ్రీకూతుళ్లు వచ్చారు. నేను ఊహించుకున్న మేస్త్రి కొండంత మనిషి. వచ్చింది సన్నగా, పొడుగ్గా, నల్ల కళ్లజోడు పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గర తడుముకుంటున్న ముసలాయన. "నాన్నగారూ, వంగకూడదు, కళ్లజోడు తియ్యకూడదు" అని ఆవిడ చెబుతూనే ఉంది. ఆయన వినే మనిషిలా లేడు. బావ ముందుకొచ్చి నిలబడ్డాడు. పెద్దాయన చూపు బావ మొహం మీంచి దిగి చొక్కా జేబు దగ్గర ఆగింది.

"ఒరేయ్! ఆ దువ్వెన ఇంకా వదల్లేదురా నువ్వు?"

బావ నవ్వలేదు. చేతులు కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పేశాడు.

"మేస్త్రిగారూ, బానెట్ మధ్యలో పట్టాను. పెట్టమంటే పట్టాను. చేత్తోనే. నీలం వచ్చింది."

"తప్పు నాదండీ, నేనే సరిగ్గా వినలేదు" అన్నాను వెనకనుంచి. జీవితంలో ఆ మాట నా నోట మొదటిసారి వచ్చింది, అక్క వినలేదు, అదృష్టం.

పెద్దాయన నాకేసి చూడనైనా లేదు. "గుడ్డేదీ?" అన్నాడు.

బావ ఇచ్చాడు. ఆయన కళ్లజోడు తీసేశాడు. కూతురు "నాన్నగారూ!" అంటున్నా వినకుండా గుడ్డని వాకిట్లో నీడలోకి తీసుకెళ్లి మొహం దగ్గర పెట్టుకున్నాడు. బొటనవేలితో రుద్దాడు.

"మొదటి మడత ఏది?"

బావ చూపించాడు.

"ఆఖరిది?"

అదీ చూపించాడు. పెద్దాయన రెండు మడతలూ పక్కపక్కన పెట్టాడు. అప్పుడు చూశాను నేను కూడా. మొదటిది నీలమే గానీ బూడిద కలిపినట్టు, సుద్దలా ఉంది. ఆఖరి మడతకి అంటింది కొంచెమే, కానీ అచ్చమైన నీలం.

"ఇది చచ్చిన రంగు. ఎండకి మాడి పైన పేరుకుపోయింది. ఇది బతికున్న రంగు. చచ్చింది పోయి బతికింది మొదలైన చోట ఆగావు. ఎవరు చెప్పారు ఆగమని?"

"ఎవరూ చెప్పలేదు. భయం వేసింది."

"మంచి భయమే వేసింది. నేను ఎవరికైనా నేర్పేది ఇంతేరా, గుడ్డ చూసి ఆగడం."

తర్వాత బానెట్ దగ్గరికి వెళ్లి ఆ రెండు అరచేతుల మేర వేళ్లతో నిమిరాడు. దానికేసి చూశాడు, చుట్టూ చూశాడు, మళ్లీ దానికేసి చూశాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు.

"నా బండి ఇంతలా వెలిసిపోయిందట్రా! నాలుగేళ్లుగా నా కళ్లే మసక అనుకున్నాను. సగం కళ్లు, సగం బండి అన్నమాట! బూడిదకీ నీలానికీ తేడా కనిపించడం మానేసింది నాకు. తేడా తెలియనివాడు పట్టకూడదని మానేశాను. ఏం చెయ్యను, మైనం మీద మైనం పెడుతూ కూర్చున్నాను."

నా ఊపిరి నాకు తిరిగొచ్చింది. బావ మాత్రం ఇంకా చేతులు కట్టుకునే ఉన్నాడు.

"అయితే... రంగు తినలేదా?"

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. నా కుట్టు మిషను ముందున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇదీ తినలేదు. అదీ తినలేదు."

"ఏదండీ?"

"ఆ ఎర్రబండి. నీకు ఇచ్చేముందు ఆ అంచు మీద నేను రెండుసార్లు మెషీన్ తిప్పాను. మిగిలింది ఉల్లిపొరంత. అది నాకు తెలుసు. నీకు చెప్పలేదు. అది బయటపడేసరికి ఆసామి పక్కనే ఉన్నాడు. నా పేరు పోతుందని నీ పేరు పోగొట్టాను. రంగు తిన్నది నేనురా, నువ్వు కాదు."

కూతురు అవాక్కయి నిలబడింది. నేను అలా నిలబడే రకం కాదు.

"ముప్పై ఏళ్లండీ" అన్నాను. "ముప్పై ఏళ్లుగా ఈ మనిషి ఒక్క తలుపు కూడా పూర్తిగా చెయ్యలేదు. ఓసారి కబురు పెట్టలేకపోయారా?"

"పెట్టాల్సిందమ్మా. మొదట పరువు అడ్డొచ్చింది, తర్వాత సిగ్గు అడ్డొచ్చింది. ఆ తర్వాత ఈ మనిషి ఎక్కడున్నాడో తెలియలేదు. అను, ఇంకో నాలుగు మాటలను. పడతాను."

అందామనే అనుకున్నాను. బావ చెయ్యెత్తి ఆపాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, మొహం మాత్రం జ్వరం విడిచిన మనిషిలా తేటగా ఉంది. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆయనకి కావాల్సింది కోపం కాదు, ఆ ఒక్క మాటే. జేబులోంచి దువ్వెన తీశాడు, ఏం చెయ్యాలో తోచక లేని జుట్టు దువ్వుకున్నాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"మిగతాది పట్టమంటారా?" అన్నాడు.

"పట్టు. చూస్తూ కూర్చుంటాను. ఇప్పుడు నాకు కనిపిస్తోందిగా."

పొద్దున పెట్టిన మైనమంతా తీసి మళ్లీ మొదలుపెట్టాడు బావ. సాయంత్రం దాకా పట్టింది. నా స్టూలు పోయింది, నా కుట్టు ఆగిపోయింది, నేను ఒక్క మాటనలేదు. పెద్దాయన మడత మడతకీ గుడ్డ చూసేవాడు. మొదట్లో "ఇంకొక్క చుట్టు" అనేవాడు, తర్వాత తల మాత్రం ఊపేవాడు, ఆ తర్వాత అదీ మానేశాడు. చివర్లో తెల్లదారం గుడ్డతో గట్టి మైనం పెట్టి తుడిచేసరికి, తలుపులో బావ కనిపించాడు, వెనక స్టూలు మీద మేస్త్రి కనిపించాడు, ఇంకా వెనక నా మిషనూ, దాని మీద విరిగిన సూదీ కనిపించాయి. బావ ఒక చుట్టు ముందే ఆపలేదు. ముప్పై ఏళ్లలో నేను చూసిన మొదటి పూర్తి అద్దం అది.

పెద్దాయన వెళ్లేటప్పుడు డిక్కీలోని రేకు పెట్టె తీసి బావ చేతిలో పెట్టాడు. గుడ్డలతో సహా.

ఆ సాయంత్రం నేనూ వాళ్లింటికే వెళ్లాను. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది, పొద్దుటినుంచీ అక్కడే ఉన్నట్టుంది. బావ చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని అప్పుడు అన్నాడు.

"నేను తినలేదటే."

"ఏం తినలేదు?" అంది అక్క కంగారుగా. "ఇవాళ కూడా డబ్బా అలాగే తెచ్చారా?"

"అన్నం కాదక్కా, రంగు" అన్నాను. "అప్పుడు కూడా తినలేదట. ఆ మేస్త్రే చెప్పాడు, తిన్నది ఆయనేనట."

అక్క చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. తర్వాత అక్క కొంగుతో మొహం తుడుచుకుని కంచం పెట్టింది. బావ తిన్నాడు. ఒకటికి రెండుసార్లు అడిగి వేయించుకుని, ఎవరో తరుముతున్నట్టు కాకుండా, నింపాదిగా తిన్నాడు. అక్క గిన్నె పట్టుకుని ఆయన పక్కనే నిలబడింది.

"ఇంకా పెట్టనా?" అంది.

"పెట్టు" అన్నాడు బావ.

ఈసారి నేను సరిగ్గానే విన్నాను.